ఎడమ కాలి మ్యాచ్‌లు పెట్టిన బడి టీచర్: రహీం సాబ్

బాన్సువాడలో సాయంత్రం పూట ఏ బడి గ్రౌండ్‌కు పోయినా క్రికెట్ ఆడే పిల్లలే ఎక్కువ. ఓ మూలకు ఫుట్‌బాల్ ఆడే నలుగురైదుగురు దొరికితే వాళ్లకు మెస్సీ తెలుసు, రొనాల్డో తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరని అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చినంక కొందరికి పేరు తెలిసింది. అజయ్ దేవ్‌గణ్ వేసిన పాత్ర అనుకుంటే గుర్తుపడతారు.

భారత ఫుట్‌బాల్ జట్టును ఆసియాలో రెండుసార్లు మొదటి స్థానంలో నిలబెట్టిన ఆ మనిషి వృత్తి చేత బడి టీచర్. ఆయన బతికిన రోజుల్లో చాలా ఏళ్లు మన నిజామాబాద్ జిల్లా కూడా హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లానే. కాబట్టి ఆయన మనకు దూరపు మనిషి కాదు.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు. యూనివర్సిటీ జట్టుకు ఆడారు. చదువు అయిపోయినంక టీచర్ నౌకరీలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఇలా ఒక బడి తర్వాత ఒక బడి. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి వచ్చి ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. ఆ తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. చివరిదాకా ఆ పని వదల్లేదు.

క్లాసులో నలభై మందిని ముందు పెట్టుకున్న టీచర్‌కు ఒక సంగతి తొందరగా అర్థమవుతుంది. ముందు బెంచీలో కూర్చుని చెయ్యి ఎత్తేవాడి మీదనే చూపు నిలిపితే మిగతావాళ్లు వెనకబడిపోతారు. మైదానంలో కూడా అంతే. బలంగా, పొడుగ్గా ఉన్న పోరడు బంతి తీసుకుంటాడు, ఇద్దరు ముగ్గుర్ని తప్పించుకుని పోతాడు, చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. మిగిలిన పది మంది నిలబడి చూస్తుంటారు. ఆ ఒక్కడి వల్ల మ్యాచ్ గెలవొచ్చు గానీ జట్టు తయారు కాదు.

దీనికి రహీం సాబ్ ఉపన్యాసాలతో మందు వెయ్యలేదు. పోటీ నియమాలనే మార్చేశారు. డ్రిబ్లింగ్ నిషేధం పెట్టి టోర్నమెంట్లు నడిపించారు. అంటే బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కడే పోవడానికి వీల్లేదు, పాస్ ఇవ్వాల్సిందే. వినడానికి చిన్న మార్పే. ఆడి చూస్తే తెలుస్తుంది దాని సంగతి. బంతి తన దగ్గరికి రాకముందే ఎవరికి ఇవ్వాలో చూసి పెట్టుకోవాలి. బంతి లేనివాడు కూడా ఖాళీ జాగా వెతుక్కుంటూ ఉరుకుతూనే ఉండాలి. గ్రౌండ్‌లో ఊరికే నిలబడే మనిషి ఒక్కడూ మిగలడు.

ఇంకోటి, బలహీనమైన కాలితో మాత్రమే ఆడాల్సిన మ్యాచ్‌లు. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమ కాలితోనే తన్నాలి. ఇక్కడ పెద్ద ఆటగాడు, చిన్న ఆటగాడు అనే తేడా సగం అక్కడికక్కడే పోతుంది. మొన్నటి దాకా స్టార్ అనిపించుకున్నవాడు బంతిని అవుట్‌కు కొట్టి నవ్వులపాలవుతాడు. నెల రోజులు తిప్పలు పడితే రెండో కాలు పనికొస్తుంది. పొట్టి పిల్లల కోసం ఎత్తు లెక్కన విడిగా పోటీలు పెట్టారు. పొడుగు పోరగాళ్ల మధ్యలో పడి ఆట మానేసే పిల్లలకు అదొక దారి. ఇందులో దేనికీ పెద్ద ఖర్చు లేదు. ఒక బంతి, ఒక విజిల్, కొలవడానికి ఒక టేపు ఉంటే ఇవాళ బాన్సువాడలో కూడా పెట్టుకోవచ్చు.

1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయన కోచ్. అప్పట్లో ఆట బాగా ఆడే పేద ఇంటి పిల్లలకు పోలీస్ నౌకరీ అంటే నెల జీతం, ఇంట్లో పొయ్యి వెలగడం. ఆ జట్టు బొంబాయికి పోయి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజులవి. హైదరాబాద్ పేరు వింటే కలకత్తా క్లబ్బులు జాగ్రత్త పడే పరిస్థితి వచ్చింది.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం అనే కుర్రాడు వచ్చాడు. ప్రాక్టీస్‌కు హైదరాబాద్ దాకా రావడానికి అతని దగ్గర పైసలు లేవు. సైకిల్ కిరాయికి డబ్బులు రహీం సాబే ఇచ్చారు. తర్వాతి కాలంలో ఆ బలరాం, చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ ముగ్గురి పేర్లు దేశమంతా కలిపి చెప్పుకునేది.

భారత జట్టు బాధ్యత కూడా 1950లోనే వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో గెలిచి గోల్డ్ తెచ్చారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఉత్తకాళ్లతో ఆడారు. పది గోల్స్ తిన్న కోచ్‌ను ఇవాళ రేపు మళ్లీ ఇంటి గడప దాటనివ్వరు! రహీం సాబ్ ఆ ఓటమిని పరీక్షలో తప్పిన పేపర్ లాగా తీసుకున్నారు. ఎక్కడ తప్పామో చూసుకున్నారు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఇద్దరు బ్యాకులతో ఆడే పాత పద్ధతిని వదిలిపెట్టి వెనక మనుషుల్ని పెంచారు. పోను పోను 4-2-4 దాకా వచ్చారు.

నాలుగేళ్లకు ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురొచ్చింది. ముందు గోల్ కొట్టింది మనవాళ్లే. చివరికి 4-1తో ఓడారు. నాలుగో స్థానం దక్కింది. 10-1 నుంచి 4-1కి రావడం స్కోర్‌బోర్డు మీద ఓటమే, కాదనలేం. కానీ టీచర్ మార్కులు చూసే తీరు వేరు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం, థంగరాజ్ అందరూ హైదరాబాద్ మైదానాల్లో తేలినవాళ్లే.

1960 రోమ్ ఒలింపిక్స్‌కు పోయిన జట్టులో ఆయన కొడుకు సయ్యద్ అబ్దుల్ హకీం కూడా ఉన్నారు. హంగేరీతో 2-1తో ఓడారు, ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేశారు, పెరూతో 3-1తో ఓడారు. ఈ మూడు మ్యాచ్‌లలో ఒక్కదాంట్లో కూడా హకీం మైదానంలో దిగలేదు. కోచ్ తండ్రే అయినా కొడుకు బయటనే కూర్చుని వచ్చాడు. చుట్టూ చూస్తే ఇలాంటి తండ్రులు ఎంతమంది కనిపిస్తారో ఎవరికి వారే లెక్కేసుకోవచ్చు.

1962 నాటికి రహీం సాబ్ ఆరోగ్యం పాడైంది. సిగరెట్ అలవాటు బాగా ఉండేది. ఊపిరితిత్తుల క్యాన్సర్ లోపల తినేస్తోంది. ఆ స్థితిలోనే జట్టుతో జకార్తా ఏషియన్ గేమ్స్‌కు పోయారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో కొట్టింది. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0తో గెలిచారు. అప్పటికి డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడే ఆ మనిషిని రహీం సాబ్ తీసుకెళ్లి ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. ఈ రోజుల్లో అయితే తలకు కుట్లున్న ఆటగాణ్ని డాక్టర్లు మైదానంలోకి పంపనియ్యరు, పంపకపోవడమే న్యాయం కూడా. అప్పట్లో ఆ నియమాలు లేవు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచారు.

ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియానే. బయట వాతావరణం ఇంకా ఘోరంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను పిలవనందుకు ఈ పోటీలను ఏషియన్ గేమ్స్ అనడానికి వీల్లేదని భారత్‌కు చెందిన ఒలింపిక్ అధికారి జి.డి. సోంధీ అభ్యంతరం పెట్టారు. దాంతో జకార్తాలో జనం కోపమంతా భారత్ మీదికి మళ్లింది. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఆ గొడవతో ఏ సంబంధం లేని ఆటగాళ్లు బయట తిరగాలంటే భయపడ్డారు. ఫైనల్‌కు ముందు రహీం సాబ్ తనకు కానుకగా గోల్డ్ తెచ్చిపెట్టమని అడిగారని ఆటగాళ్లు తర్వాత చాలా ఏళ్లు చెప్పుకునేవారు.

సెప్టెంబర్ 4న దాదాపు లక్ష మంది ఉన్న సెనయన్ స్టేడియం. మనవాళ్లకు బంతి అందితే చాలు, చుట్టూ హేళన కేకలు. ఇరవై నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాయి. ఒకటి పి.కె. బెనర్జీ, రెండోది ఆ కుట్ల తల జర్నైల్ సింగ్. జ్వరంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైన థంగరాజ్ మళ్లీ గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు. చివర్లో కొరియా ఒక గోల్ కొట్టినా ఆట 2-1తో ముగిసింది. ఆ రోజు అంత పెద్ద గుంపులో భారత్ తరఫున అరిచినవాళ్లు పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్లని చెబుతారు. అవే పోటీల హాకీ ఫైనల్లో భారత్‌ను ఓడించింది వాళ్లే.

గోల్డ్ తెచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ ఇంతెఖాల్ అయ్యారు. వయసు 53. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో, ఆయన పోయిన 22 ఏళ్లకు. రోమ్‌లో బయట కూర్చున్న హకీం ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారు, రెఫరీ అయ్యారు, కోచ్ అయ్యారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుని, 2021లో కన్నుమూశారు.

ఆంధ్రా పోలీస్ పేరుతో ఆడిన ఆయన పోలీస్ జట్టు 1961లో గెలిచిన డ్యూరాండ్ కప్పే దానికి ఆఖరిది. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్లో 1970లో బ్యాంకాక్‌లో భారత్‌కు బ్రాంజ్ వచ్చింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ రంగు మెడల్ రాలేదు.