మన్రోలప్ప అనే పేరు వెనుక మనిషి

మా నాయన వాళ్ళది ఆలూరు పక్క పల్లె. అమ్మ వాళ్ళది సిరుగుప్ప. ఇంట్లో నాయనతో తెలుగు, అమ్మతో కన్నడ, అవ్వతో రెండూ కలిపి. మా నాయన వాళ్ళ తాత పేరు మన్రోలప్ప. చిన్నప్పుడు అదేదో ఊరి దేవుడి పేరని అనుకునేదాన్ని. దేవుడు కాదు, ఒక దొర అని అవ్వ చెప్పింది. తెల్లదొర పేరు మనవాళ్ళు బిడ్డకు ఎందుకు పెట్టుకున్నారా అని అప్పటి నుంచి అనుమానం. ఈసారి గోడపత్రికకు ఒకరి జీవితం రాయమని మేడమ్ చెప్పగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు.

ఆయన సర్ థామస్ మన్రో. 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వ్యాపారి. అమెరికా యుద్ధంలో ఆ వ్యాపారం దెబ్బతినింది. కొడుకు కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. మొదట సిపాయి బతుకు. 1792 తర్వాత బారామహల్‌లో, అంటే ఇప్పటి సేలం, ధర్మపురి పక్క, శిస్తు పని నేర్చుకున్నాడు. రైతు దగ్గరికే పోయి, పొలం చూసి, పన్ను కట్టే పద్ధతి అక్కడే ఆయనకు ఒంటబట్టింది. దాన్నే మనం రైత్వారీ అని చదువుకుంటాం.

1800లో నిజాం మన సీమను కంపెనీకి ఇచ్చేశాడు. సైన్యం ఖర్చు కింద ఇచ్చిన నేల కాబట్టి దత్త మండలాలు అన్నారు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం అందులోవి. మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. అప్పటికి ఈ నేల మీద సుమారు 80 మంది పాళెగాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళను అణిచాడు. ఆ పని మెత్తగా ఏమీ చేయలేదు. తర్వాత డేరాల్లో ఉంటూ ఊరూరా తిరిగి, 1802లో మొదలుపెట్టి పొలాలన్నీ కొలిపించాడు.

ఆయన కంపెనీ మనిషే. శిస్తు వసూలు చేయడానికే వచ్చాడు, వసూలు చేశాడు కూడా. ఆయన్ను దేవుణ్ణి చేసి రాయడం నాకు ఇష్టం లేదు. కానీ కొలతంతా అయినాక ఆయన చేసిన పని ఒకటుంది. ఈ కరువు నేల మీద వేసిన శిస్తు ఎక్కువైపోయిందని, 25 శాతం తగ్గించాలని 1807లో పైవాళ్ళకు రాశాడు. బావుల కింద, చెరువుల కింద సాగయ్యే భూములకు ఇంకొంచెం తగ్గించమన్నాడు. అంటే తాను వేసిన లెక్కనే తాను తప్పుపట్టుకున్నాడు. కంపెనీకి యుద్ధాల ఖర్చు ముఖ్యం, ఒప్పుకోలేదు. ఆయన ఇంగ్లండు పోయినాక ఊళ్ళను గుత్తకిచ్చే పద్ధతి పెట్టారు. అది నిలబడలేదు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చినాకనే ఆ తగ్గింపు మన రైతులకు దక్కింది. నడుమ పదమూడేండ్లు పోయాయి. కాగితం పైన ఆగితే కింద పొలంలో ఏమైతుందో మన పల్లెల వాళ్ళకు వేరే చెప్పాల్సిన పని లేదు.

అంతకుముందే, 1816 చట్టాలతో, ఊరి మునసబుకు, పంచాయతీలకు చిన్న తగాదాలు తీర్చే అధికారం వచ్చింది. ఊరి సంగతి ఊరివాళ్ళకే బాగా తెలుస్తుందని ఆయన నమ్మకం.

నాకు అన్నిటికన్నా మనసుకు తగిలింది బడుల లెక్క. 1822లో మన్రో ప్రతి కలెక్టరునూ బడుల వివరాలు పంపమన్నాడు. మన బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో జవాబిచ్చాడు. జిల్లాలో 533 బడులు ఉన్నాయి. అందులో కన్నడం 235, తెలుగు 226. చూడండి, దాదాపు సరిసమానం! మా ఇంటి మాదిరే. మరాఠీ, తమిళం, పారసీ, సంస్కృతం బడులు కూడా ఉన్నాయి. ఇంగ్లీషు బడి ఒకటే ఒకటి.

పిల్లలు మొత్తం 6,641 మంది. వాళ్ళలో ఆడపిల్లలు 60 మంది. ఈ అంకె చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మన కాలేజీలో రెండు క్లాసులు కలిపితే ఆ 60 దాటతాము కదా.

క్యాంబెల్ ఇంకో మాట కూడా రాశాడు. సీమ బట్టలు వచ్చి ఇక్కడి నేతపని దెబ్బతినింది, జనం పేదవాళ్ళయ్యారు, అయ్యవారికిచ్చే కొద్దిపాటి డబ్బులు కూడా లేక పిల్లల్ని బడి మాన్పిస్తున్నారని. పాత రాజులు చదువుకు ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు ఈ 533లో ఒక్క బడికి కూడా ప్రభుత్వ సాయం లేదని, అది తనకే సిగ్గుగా ఉందని. మన జిల్లా నుంచి శిస్తు పోతా ఉంది, తిరిగి ఏమీ రాలేదు.

ఈ లెక్కలన్నీ చూసి మన్రో 1826లో ఒక పథకం రాశాడు. జిల్లాల్లో 40 పెద్ద బడులు, తహసీళ్ళలో 300 బడులు. పెద్ద బడి అయ్యవారికి నెలకు 15 రూపాయలు, తహసీలు బడి అయ్యవారికి 9 రూపాయలు, సర్కారే ఇవ్వాలి. మొత్తం ఖర్చు ఏడాదికి 50 వేలు దాటదు. రాజధాని మొత్తానికి ఇది చాలా తక్కువ. అందులోనూ ఆడపిల్లల మాట లేదు. అయినా పన్ను తీసుకున్న సర్కారు చదువుకు కొంత తిరిగి ఇవ్వాలని ఒప్పుకున్నట్టే.

ఆ బడులు నిండుగా తెరుచుకోవడం ఆయన చూడలేదు. 1827లో సీమకు వెళ్ళొస్తానని చెప్పడానికి పర్యటనకు వచ్చి, జులై 6న పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు. ఆయన పెట్టిన బడులను 1836లో ఎత్తేశారు.

మా మామ సరిహద్దు పల్లెలో పంచాయతీ మెంబరు. బడి గది కప్పు కారుతోందని అడిగితే, మీ ఊళ్ళో పన్ను వసూలు పెంచుకోండి అని ఒక ఆఫీసులో చెప్పారంట. ఫ్యాక్టరీ లేని, వాన లేని ఊళ్ళో పన్ను ఎక్కడ నుంచి పెరగతాది? ఉన్న ఊరికీ లేని ఊరికీ ఒకే కొలత పెడితే లేని ఊరు ఇంకా వెనకబడతాది. అందుకే కదా, రాజ్యాంగంలో పంచాయతీలకు డబ్బు ఎట్లా పంచాలో చూడడానికి ఐదేండ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలని రాసింది. బళ్ళారితో కలిపి ఈ ప్రాంతానికి 371జె వచ్చింది కూడా అందుకే. ఇది దానం కాదు, మన బాకీ.

1953లో మన జిల్లాను పంచినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయాయి. మా ఇల్లు కూడా అట్లా రెండు పక్కలైంది. కానీ కరువుకు గీత లేదు.

మా ముత్తాతకు ఆ పేరు ఎందుకు పెట్టారో ఇప్పుడు కొంచెం అర్థమయింది. దొర మంచోడని మాత్రమే కాదు. పొలందాకా వచ్చి చూసి, ఇది ఎక్కువ అని పైకి రాసినవాడు అప్పటికి ఆయన ఒక్కడే కనిపించి ఉంటాడు. మనలో ఎవరైనా రేపు ఆఫీసులో ఆ కుర్చీలో కూర్చుంటే, ముందు ఊరు చూసి రండి. ఆ 60 మంది పేర్లు ఎక్కడా లేవు. వాళ్ళ తరఫున అడుగుతున్నాను.