నాదశిల్పి డీలియా డెర్బిషైర్

రేడియోలో నాటికకు ముందు అర నిమిషమో, నిమిషమో మ్రోగు వాద్యధ్వనిని మనమందఱము వినుచుందుము. దానిని కూర్చినవా రెవరని అడుగువారు అరుదు. అట్టి చిన్న స్వరరచనలనే వృత్తిగా గైకొని, పేరు వెలువడకయే పదునొకండేండ్లు శ్రమించిన యొక ఆంగ్లవనిత జీవితము నిచట చెప్పగోరుచున్నాము.

డీలియా డెర్బిషైర్ 1937 మే 5వ తేదీన ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున జన్మించెను. 1940 నవంబరులో జర్మను విమానములు ఆ పట్టణముపై బాంబులు కురిపించినప్పుడు ఆమెకు మూడేండ్లు. ఆ దినములలో మ్రోగిన సైరను కూతయే తన చెవికి సోకిన తొలి వింత నాదమని ఆమె పిమ్మట తలపోసికొనెను. సామాన్య కుటుంబమున పుట్టిన ఈ బాలిక విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో గణితమును, సంగీతమును అభ్యసించి 1959లో పట్టభద్రురాలయ్యెను. ఆ యేడే డెక్కా గ్రామఫోను సంస్థలో ఉద్యోగము కోరగా, తమ రికార్డింగు గదులలో స్త్రీలకు తావు లేదని పంపివేసిరి.

1960లో బి.బి.సి.లో చేరి, 1962లో మైడా వేల్ భవనమునందలి రేడియోఫోనిక్ వర్క్‌షాపునకు కోరి వెళ్లెను. నాటకములకును, పాఠశాలల ప్రసారములకును కావలసిన విచిత్రధ్వనులను పుట్టించు కార్ఖానా అది.

1963లో డాక్టర్ హూ అను టెలివిజను కథకు రాన్ గ్రెయినర్ ఒక చిన్న బాణీని వ్రాసి యిచ్చెను. దానిని వాయించుటకు వాద్యబృందము లేదు. సింథసైజరు యంత్ర మింకను ఆ కార్ఖానాకు రాలేదు. డీలియా ఒక తీగను మీటి, ఆ మ్రోతను టేపుపై నెక్కించి, వేగము హెచ్చించియు తగ్గించియు వేర్వేరు స్వరములను రాబట్టెను. యంత్రపరీక్షకై యుంచిన ఆసిలేటర్ల కూతనుండి రాగమును తీసెను. టేపు సెకనుకు 15 అంగుళములు నడచును గావున అర సెకను స్వరమునకు ఏడున్నర అంగుళముల ముక్క కావలెను! ఇట్లు ఒక్కొక్క స్వరమును కొలిచి, కత్తిరించి, అతికి, మూడు యంత్రములను ఏకకాలమున నడిపిరి. ఒకచో తాళము తప్పగా, డిక్ మిల్స్ అను సహాయకునితో కలిసి టేపులను పొడవైన నడవలో పఱచి, అతుకులను పోల్చి చూచి తప్పును పట్టిరి. లెక్కలన్న విసుగుకొను మా విద్యార్థులు ఈ నడవను ఒకమాఱు ఊహించుకొందురు గాక.

ఫలితమును విని గ్రెయినర్ తన రచనయేనా యని విస్తుపోయి, రాబడిలో సగము ఆమె కిప్పింపజూచెను. ఉద్యోగుల పేర్లు వెల్లడింపరాదను నియమ మడ్డువచ్చెను. ఆ నియమము న్యాయమని మేమనజాలము.

1967లో సహారా ఎడారివాసుల చిత్రమునకై ఆకుపచ్చని లోహపు దీపపు డిప్పను కొట్టి, దెబ్బ శబ్దమును తొలగించి, నిలిచిన మ్రోతను మాత్రమే గ్రహించి సంగీత మల్లెను. తరువాత సింథసైజర్లు వచ్చెను. 1972లో అట్టి పెద్ద యంత్రముతో పాత బాణీని సహోద్యోగులతో కలిసి మరల కూర్చిరి గాని, అది రుచింపక త్రోసివేయబడెను. టేపు ముక్కల బాణీయే నిలిచెను.

1973లో ఆమె ఉద్యోగము మానెను. గ్యాసు గొట్టములు వేయుచోట కొంతకాలము రేడియో ఆపరేటరుగా పనిచేసెను. 2001 జూలై 3వ తేదీన మరణించెను. ఆమె యింటి అటకపై 267 టేపులు దొరకెను. డాక్టర్ హూ ఏబదియేండ్ల పండుగకు 2013లో వెలువడిన కథయందు, మొదటిసారిగా, ఆమె పేరు తెరపై కనబడెను.