తెగిన తాడు, వంగిన ఇత్తడి

పోయిన టెక్‌ఫెస్ట్‌కి మా ల్యాబ్ యూపీఎస్‌ని మూడో అంతస్తులో ఉన్న సెమినార్ హాల్‌కి మోసుకెళ్ళాం. లిఫ్ట్ రిపేర్‌లో ఉంది. నలుగురం ఉన్నాం, చేతులకి గ్లవ్స్ లేవు, కాళ్ళకి హవాయి చెప్పులు. రెండో అంతస్తు మలుపులో నా చెయ్యి జారింది. అది మా ఫ్రెండ్ పాదం పక్కనే పడింది, రెండంగుళాల తేడా అంతే. ల్యాబ్ అసిస్టెంట్ అన్న పరుగెత్తుకొచ్చి, ఎవరి కాలు మీద పడింది అని అడిగాక గానీ యూపీఎస్ వైపు చూడలేదు. తర్వాత తిట్టాడు, అది వేరే విషయం.

ఆ నెలలోనే మ్యాప్స్ మీద మినీ ప్రాజెక్ట్ చేస్తూ పాత సర్వేల గురించి చదివాను. అక్కడ దొరికాడు విలియం లాంబ్టన్.

1750ల్లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. సైన్యంలో చేరి అమెరికా వెళ్ళి, 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఖైదీగా దొరికాడు. విడుదలయ్యాక కెనడా వైపు ఏళ్ళ తరబడి బ్యారక్ మాస్టర్‌గా చేశాడు. అక్కడ ఒక సూర్యగ్రహణాన్ని నల్ల అద్దం లేకుండా చూసి ఒక కంటి చూపు పోగొట్టుకున్నాడట. మనకి స్కూల్లో గ్రహణం రోజు ఫిల్టర్ కళ్ళద్దాలు పంచేవాళ్ళు గుర్తుందా? ఆయనకి ఎవరూ ఇవ్వలేదు.

1799లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధంలో ఒక రాత్రి వాళ్ళ దళం ఉత్తరానికి అనుకుంటూ దక్షిణానికి నడుస్తుంటే, నక్షత్రాలు చూసి కనిపెట్టింది ఈయనే. యుద్ధం అయ్యాక దక్షిణ భారతాన్ని త్రిభుజాలతో కొలుస్తానని ప్రతిపాదన పెట్టాడు. ఐడియా మనకి ఇంటర్‌లోనే తెలుసు: ఒక భుజాన్ని నేల మీద చాలా జాగ్రత్తగా కొలవాలి, మిగతావన్నీ కోణాలతో లెక్కకట్టాలి. మొదటి భుజం 1802లో మద్రాస్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, ఏడున్నర మైళ్ళు. 100 అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచారు. ఎండకి ఉక్కు సాగుతుందని పక్కన థర్మామీటర్లు పెట్టి లెక్క సరిచేసుకున్నారు. అంత జాగ్రత్త మనిషి.

కోణాలు కొలిచే పరికరం పేరు థియొడొలైట్. లండన్‌లో చేయించింది, సుమారు అర టన్ను బరువు, మూడడుగుల వెడల్పు ఇత్తడి చక్రం. వస్తుండగా ఓడని ఫ్రెంచివాళ్ళు పట్టుకుని మారిషస్ తీసుకెళ్ళారు. ఇది సైన్స్ వస్తువని తెలిసి అక్కడి గవర్నర్ మళ్ళీ మద్రాస్‌కి పంపించాడు! మా యూపీఎస్ దీని ముందు పిల్ల వస్తువు.

దాన్ని కొండల మీదకి, గుళ్ళ మీదకి ఎక్కించాల్సిందే, ఎందుకంటే దూరం కనపడాలి. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయం వంతు వచ్చింది. విమానం ఎత్తు 200 అడుగుల పైనే. తాళ్ళూ కప్పీలతో పైకి లాగుతుండగా, గోడకి కొట్టుకోకుండా పక్కకి లాగి పట్టుకున్న తాడు తెగింది. అర టన్ను బరువు ఊగి వెళ్ళి రాతి గోడని గుద్దింది. పెట్టెలో ఉన్నా కూడా చక్రం వంగిపోయింది.

ఆ తర్వాత లాంబ్టన్ చేసింది చదివి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఒక చెక్క మీద చక్రం అసలు కొలతలో వృత్తం గీయించి, గుడారంలో కూర్చుని, మేకులు, స్క్రూలు, కప్పీలతో రోజుకి కాస్త కాస్త లాగుతూ దాదాపు ఆరు వారాల్లో మళ్ళీ గుండ్రంగా చేశాడు. ఆ పరికరంతోనే ఏళ్ళ తరబడి సర్వే సాగింది.

కానీ ఒకటి అడగాలనిపించింది. ఆ తాడు తెగినప్పుడు కింద ఎవరున్నారు? లాగుతున్నవాళ్ళ అరచేతులు ఏమయ్యాయి? నేను చదివినవాటిలో ఇత్తడి గురించి పేజీలున్నాయి, చేతుల గురించి ఒక్క వాక్యం లేదు. ల్యాబ్ అసిస్టెంట్ అన్న ఇంతకుముందు క్రేన్ సైట్లో పనిచేశాడు. ఆయన్ని అడిగితే చెప్పాడు: ఆ పక్క తాడుని ఇప్పుడు ట్యాగ్ లైన్ అంటారు, ఎంత బరువు మోయగలదో ప్రతి లిఫ్టింగ్ బెల్ట్ మీదా రాసుంటుంది, పైన బరువు ఉన్నంతసేపూ కింద మనిషి నిలబడకూడదు. తంజావూరు కథ మొత్తం విని, పెట్టెకి రెండు వైపులా తాడు కట్టాల్సింది అన్నాడు.

మన దగ్గర జరిగింది ఇంకా బాధగా ఉంటుంది. 1818లో హైదరాబాద్‌లో లాంబ్టన్ దగ్గర అసిస్టెంట్‌గా చేరినవాడు జార్జ్ ఎవరెస్ట్, అవును, శిఖరం పేరులో ఉన్న ఎవరెస్టే. మరుసటి ఏడు వానాకాలంలో అతన్ని కృష్ణా గోదావరి మధ్య అడవుల్లోకి సర్వేకి పంపారు. జ్వరాలు పట్టుకున్నాయి. బృందంలో 150 మంది దాకా మంచాన పడ్డారు, కొందరు చనిపోయారు, మిగిలినవాళ్ళని హైదరాబాద్‌కి మోసుకురావాల్సి వచ్చింది. ఉక్కు గొలుసు ఎండకి ఎంత సాగుతుందో లెక్క ఉంది, వానలో అడవికెళ్తే ఎంతమంది తిరిగొస్తారో లెక్క లేదు.

ఆయన తన ఒంటినీ అలాగే చూసుకున్నాడు. దాదాపు 70 ఏళ్ళ వయసులో, జబ్బుతో, హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు సర్వేతో కదులుతూనే 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. సమాధి అక్కడే ఉంది.

యూపీఎస్ ఇంకా మూడో అంతస్తులోనే ఉంది. లిఫ్ట్ బాగయ్యాకే దించుదామని అన్నకి చెప్పాను. సరే, బూట్లు వేసుకుని రండి అన్నాడు.