బడే గులాం అలీ ఖాన్ గొంతు.. స్పూల్ టేపుల్లో మిగిలిన మెహఫిల్

హైదరాబాద్‌లోని బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో 1968 ఏప్రిల్‌లో ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ కన్నుమూశారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్ ఖబరస్తాన్‌లో ఆయన్ను ఖననం చేశారు. బషీర్‌బాగ్‌లో ఓ రోడ్డుకు ఆయన పేరు కూడా పెట్టారు. కానీ ఆయన మెహఫిల్‌లో ఎలా పాడేవారో ఇవాళ్టి వాళ్లు వినగలుగుతున్నారంటే, అదంతా అప్పట్లో తిరిగిన స్పూల్ టేపుల చలవే.

ఆయన 1902లో పంజాబ్‌లోని కసూర్‌లో పుట్టారు. తండ్రి అలీ బక్ష్ ఖాన్, తండ్రి సోదరుడు కాలే ఖాన్ దగ్గర పాట నేర్చుకున్నారు. మొదట్లో సారంగీ కూడా వాయించారు. పాటియాలా ఘరానా పేరు దేశమంతా మోగడానికి ఆయనే ముఖ్య కారణం. ఒళ్లో స్వరమండల్ పెట్టుకుని మూడు స్థాయిల్లో గొంతు తిప్పుతుంటే జనం కదలకుండా కూర్చునేవారు. సబ్‌రంగ్ పేరుతో ఠుమ్రీలు కట్టారు.

దేశ విభజన తర్వాత కొన్నాళ్లు పాకిస్తాన్‌లో ఉన్నా మళ్లీ ఇటే వచ్చేశారు. 1957లో భారత పౌరసత్వం దొరికింది. 1960లో వచ్చిన మొఘల్-ఎ-ఆజమ్ సినిమాకు నౌషాద్ సంగీతంలో పాడారు. 1962లో పద్మభూషణ్ అందుకున్నారు.

ఆయన ఆలాపనను మరీ సాగదీసేవారు కాదు. అయినా పాత 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలే. అందులో రాగం మొదలైందనగానే అయిపోయేది. స్పూల్ టేపు వచ్చాకే పూర్తి కచేరీ రికార్డు చేయడం కుదిరింది. సంగీతాభిమానులు ఇళ్లలో, రేడియో వాళ్లు స్టూడియోల్లో తీసిన టేపులే తర్వాత క్యాసెట్లు, సీడీలుగా వచ్చాయి.

ఆ టేపులను కంప్యూటర్లోకి ఎక్కించడం చూసినంత తేలిక కాదు. అప్పటి మెషిన్లు ఒకే స్పీడులో తిరిగేవి కావు. స్పీడు కాస్త పెరిగితే చాలు, నిండైన గొంతు సన్నబడి వేరే మనిషి పాడినట్టుంటుంది. టేపులో పడ్డ కరెంటు హమ్మింగ్ 50 హెర్ట్జ్‌కు దగ్గర్లో ఉందా అని చూడటం ఒక పద్ధతి. తంబూరా శ్రుతిని ఆయన మిగతా రికార్డులతో పోల్చి చూస్తారు. మెషిన్ హెడ్ కోణాన్ని ఆ టేపుకు తగ్గట్టు సర్దకపోతే పైస్వరాలు మసకబారతాయి.

అసలు జాగ్రత్త ఆ తర్వాతే ఉంది. టేపులోని బుస శబ్దం, తంబూరా జవారీ ఇంచుమించు ఒకేచోట కలిసి ఉంటాయి. బుస మొత్తం తీసేయాలని చూస్తే జవారీ కూడా పోతుంది, పాట దుప్పటి చాటు నుంచి వస్తున్నట్టుంటుంది. అందుకే ఏమీ మార్చని కాపీ ఒకటి విడిగా దాచి, శుభ్రం చేసే పనంతా ఇంకో కాపీ మీదే చేస్తారు.

చివరి ఏళ్లలో ఉస్తాద్‌కు పక్షవాతం వచ్చింది. అయినా కొడుకు మునవ్వర్ అలీ ఖాన్ తోడుతో పాడుతూనే ఉన్నారు. ఆ రోజుల టేపులో ఆయాసం వినిపిస్తే అది లోపం కాదు, ఆ మనిషి పట్టుదల. దాన్ని చెరిపేస్తే పాట నున్నగా తయారవుతుందేమో గానీ, పాడినాయన మాత్రం అందులో ఉండరు.

ఆయన చివరి రోజుల్లో నవాబ్ జహీర్ యార్ జంగ్ ఆతిథ్యంలో ఉన్న ఊరు ఇది. మెహఫిళ్లు జరిగిన ఇళ్లలో పాత అల్మారాలు సర్దేటప్పుడు స్పూళ్లు దొరికితే చెత్తలో వేయొద్దు. సిర్కా వాసన వస్తోందంటే టేపు పాడవడం మొదలైనట్టే. ఆలస్యం చేయకూడదు. ఇంట్లోని పాత మెషిన్ మీద పెట్టి చూస్తే తెగిపోవచ్చు. ఎండ, తేమ తగలకుండా ఉంచి తెలిసినవాళ్ల చేతికివ్వాలి. పాడిందెవరు, తబలా ఎవరు, ఏ ఇంట్లో, ఏ ఏడాది అన్నది ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి డబ్బా మీద రాసుకోవాలి. టేపు బాగుపడినా, ఆ వివరాలు చెప్పేవాళ్లు రేపు ఉండకపోవచ్చు.