చేతులు కడిగించిన వైద్యుడు

వైద్యుణ్ణి ప్రాణదాత అంటాం. ఆ ప్రాణదాత చేతులే రోగి ప్రాణాలు తీస్తుంటే? ఆ చేదు నిజాన్ని కనుగొని, దాచకుండా లోకానికి తెలిపినవాడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

ఆయన 1818 జూలై 1న హంగరీ దేశంలోని బుడా పట్టణంలో జన్మించాడు. తండ్రి కిరాణా వ్యాపారి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో వైద్యవిద్య పూర్తిచేసి, 1846లో అక్కడి జనరల్ ఆసుపత్రి ప్రసూతి శాఖలో సహాయ వైద్యుడుగా చేరాడు.

పేద స్త్రీలకు అక్కడ ఉచితంగా పురుడు పోసేవారు. ప్రసూతి విభాగాలు రెండు ఉండేవి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. మొదటి విభాగంలో నూటికి సుమారు 10 మంది బాలింతలు సూతికా జ్వరంతో మరణించేవారు. రెండవదానిలో సగటున నలుగురి లోపే. మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారు. చెడుగాలి వల్లనే ఈ జ్వరం వస్తుందని పెద్దలు సరిపెట్టుకున్నారు. ఒకే ఆసుపత్రిలో ఇంత తేడా ఎందుకని సెమ్మెల్‌వైస్ మథనపడ్డాడు.

1847లో ఆయన మిత్రుడు ఆచార్య కొలెచ్కా శవపరీక్ష చేయిస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి ఆయన వేలికి గుచ్చుకుంది. కొద్ది రోజులకే ఆయన జ్వరంతో మరణించాడు. జబ్బు లక్షణాలు బాలింతల జ్వరం లాగానే ఉన్నాయి. దానితో చిక్కుముడి వీడింది. వైద్యులు, విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే బాలింతలను పరీక్షిస్తున్నారు. మంత్రసానులు శవాలను ముట్టరు.

మే నెలలో, క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కోనిదే ఎవరూ రోగిని ముట్టరాదని ఆయన కట్టడి చేశాడు. ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న మరణాలు జూన్‌లో రెండుకు తగ్గాయి.

శవపరీక్షలు ఆయనా చేశాడు. తన చేతుల మీదుగా ఎందరు తల్లులు మరణించారో తలచుకొని కుమిలిపోయాడు. అయినా తప్పు ఒప్పుకున్నాడు. చాలామంది పెద్ద వైద్యులు మాత్రం ఒప్పుకోలేదు. 1849లో ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. స్వదేశానికి వెళ్లి, అక్కడా మరణాలను తగ్గించాడు. 1861లో తన పరిశోధనను గ్రంథంగా ప్రకటించాడు. కాదన్నవారిని ఘాటైన లేఖలతో ఎండగట్టి శత్రువులను పెంచుకున్నాడు. చివరకు మతి చలించిందని ఆయనను మానసిక చికిత్సాలయంలో చేర్చారు. అక్కడ గాయం విషమించి 1865 ఆగస్టు 13న, 47 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

తరువాత పాశ్చర్, లిస్టర్‌ల కృషి వల్ల ఆయన చూపిన దారి సరైనదని రుజువైంది. నేడు బుడాపెస్టులోని వైద్య విశ్వవిద్యాలయం ఆయన పేరును ధరించింది.

ఆసుపత్రిలో జరిగిన పొరపాటును దాచిపెడితే అది మరొకరిని బలి తీసుకుంటుంది. ఒప్పుకొని, కారణం వెదికి సరిదిద్దితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. సెమ్మెల్‌వైస్ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.