రాజా దీనదయాళ్: ప్రతిబింబమునకు యజమాని ఎవరు?

శిల్పి విగ్రహమును చెక్కును. చిత్రకారుడు పటమును వ్రాయును. మూడవవాడొకడు యంత్రముతో వచ్చి వానికి ఛాయాచిత్రములు తీసి విక్రయించును. ఆ విక్రయమున ఎవరి హక్కు ఎంత? ఈ ప్రశ్న నిన్న నేడు పుట్టినది కాదు; ఛాయాగ్రహణ కళతోనే పుట్టినది. హైదరాబాదు రాజ్యమున ఆ కళకు శాశ్వత కీర్తిని ఆర్జించిన రాజా దీనదయాళ్ జీవితమును పరిశీలించినచో దీని లోతు విద్యార్థులకు సులభముగా బోధపడును.

దీనదయాళ్ 1844లో మీరట్ సమీపమునగల సర్ధనా పట్టణమున ఒక జైన కుటుంబమున జన్మించెను. రత్నాభరణముల వ్యాపారము ఆ కుటుంబమునకు వృత్తి. కాని ఆయన కులవృత్తిని చేపట్టక రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్య నభ్యసించెను. 1866లో ఇండోర్ నగరమున ప్రభుత్వ పనుల శాఖలో అంచనాలు కట్టుటకును, నమూనా పటములు గీయుటకును ఉద్యోగిగా చేరెను. కొలతయందును, రేఖయందును ఆయనకు గల పట్టు అచ్చటనే కుదిరినది. 1874 ప్రాంతమున ఛాయాగ్రహణమును అభ్యసింప నారంభించెను. ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరును, మధ్య భారతమున గవర్నరు జనరలు ప్రతినిధిగానుండిన సర్ హెన్రీ డేలీయును ఆయనను ప్రోత్సహించిరి.

1882, 83 సంవత్సరములలో సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండు ప్రాంతమున సంచరించినప్పుడు దీనదయాళ్ ఆయన వెంట నడచి ప్రాచీన దేవాలయములను, కోటలను, శిల్పములను చిత్రించెను. ఆ చిత్రములతో 1886లో మధ్య భారత ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథము వెలువడినది. అందలి రచన గ్రిఫిన్‌ది; చిత్రములు దీనదయాళ్‌వి; చిత్రితమైన శిల్పములు ఎన్నడో గతించిన శిల్పులవి. ఒక్క పుస్తకమున ముగ్గురి శ్రమ కలిసియున్నది. శిల్పులు శతాబ్దులకు పూర్వులు గనుక వారి అనుమతి అడుగు పనిలేదు. కాని ఆ శిల్పముపై ఎండ ఏ వేళ ఎట్లు పడవలెనో, యంత్రమును ఎచ్చట నిలుపవలెనో నిర్ణయించినవాడు ఛాయాగ్రాహకుడు. ఆ నిర్ణయములో ఆయన బుద్ధి ఉన్నది.

ఈ బుద్ధికి విలువ ఉన్నదా, లేక యంత్రము తనంతట తాను చేసిన పనియేనా అని ఆ కాలమున పలుదేశములలో వివాదము నడచినది. 1884లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, రచయిత ఆస్కార్ వైల్డు ఛాయాచిత్రమును గూర్చిన వ్యాజ్యమున, చిత్రమును కూర్చిన ఛాయాగ్రాహకుడు దానికి కర్తయేయని నిర్ణయించినది.

1885లో దీనదయాళ్ వైస్రాయి డఫరిన్ ప్రభువునకు ఛాయాగ్రాహకుడుగా నియమితుడయ్యెను. ప్రభుత్వోద్యోగమును విడిచి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆదరమున దక్కనుకు వచ్చి, సికింద్రాబాదున చిత్రశాలను నెలకొల్పెను. 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకముగ ఒక చిత్రశాలను తెరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల మహిళ కప్పగించెను. 1894లో నిజాము ఆయనకు ముసవ్విర్ జంగ్ బహద్దూర్ అను బిరుదమిచ్చెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడని అర్థము. 1896లో బొంబాయియందును ఆయన చిత్రశాల వెలసినది. విక్టోరియా రాణి ఛాయాగ్రాహకుడను నియామక పత్రమును సైతము ఆయన పొందెను.

ఆ దినములలో చిత్రమును గాజు పలకపై గ్రహించెడివారు. ఒక్క పలకనుండి ఎన్నియో కాగితపు ప్రతులు తీయవచ్చును. కావున చిత్రశాల ఆస్తి యంతయు ఆ పలకలయందే ఉండెడిది. కట్టడముల దృశ్యములను యాత్రికులు కొనుక్కొనిపోయెడివారు. దీనదయాళ్ తన పలకలకు సంఖ్యలు వేసి, పెక్కింటిపై తన పేరు వ్రాసెడివాడు. ఆ పేరు వట్టి అలంకారము కాదు. ఈ పని నాది అని లోకమునకు తెలుపు ముద్ర.

అయితే ఆయన తీసినవన్నియు ఒక్క తీరువి కావు. గుడి శిల్పముయొక్క చిత్రము ఎల్లరకు అమ్మదగినది. ఫలక్‌నుమా సౌధపు లోపలి గదుల చిత్రములు ఆ ఇంటివారి అనుమతి లేనిదే సాధ్యము కావు. నిజాము ఆజ్ఞపై తీసినవి ఆస్థానమునకు చెందినవి. ఘోషా స్త్రీల చిత్రములు ఆయా కుటుంబముల గౌరవమునకు సంబంధించినవి. అవి అంగడికి ఎక్కదగినవి కావు. యంత్రము ఒక్కటియే, పలక ఒక్కటియే. బాధ్యతలు మాత్రము నాలుగు విధములు.

దీనదయాళ్ 1905 జూలై 5న మరణించెను. ఆ పిమ్మట శాసనము క్రమముగ ఈ విషయమును తేల్చినది. 1914లో బ్రిటిషు ఇండియాకు వర్తింపజేసిన ఆంగ్ల శాసనము, మూల పలక ఎవరి సొత్తో వారినే కర్తగా ఎంచినది. 1957 నాటి భారత శాసనము ఆ పద్ధతిని మార్చి, చిత్రమును తీసినవానినే కర్తగా గుర్తించినది. కాని వేరొక ఒడంబడిక లేనప్పుడు, ప్రతిఫలమిచ్చి తీయించుకొన్నవారు తొలి హక్కుదారులగుదురు. జీతమునకు పనిచేయువాడు ఉద్యోగధర్మముగ తీసిన చిత్రమున హక్కు యజమానిది. 2012 సవరణ పిమ్మట ఛాయాచిత్రమున హక్కు కర్త జీవితకాలమును, అటుపై అరువది సంవత్సరములును ఉండును. ఈ లెక్కనే చూచినను దీనదయాళ్ చిత్రములపై హక్కు 1965తో తీరిపోయినది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము ఆయన గాజు పలకలు 2,857 సేకరించి భద్రపరచినది. పలకల సంరక్షణ వేరు, చిత్రముపై హక్కు వేరు.

నేడు చేతిలోని ఫోనే చిత్రశాల. శామీర్‌పేట దారిలోని లాల్‌గడి మలక్‌పేట్ బడిలో చదువు బాలుడు సైతము తాను తీసిన చిత్రమును దూరదేశమువారికి అమ్మగలడు. అట్లమ్ముటకు ముందు అతడు కొన్ని భేదములు ఎరిగియుండవలెను. బహిరంగ స్థలమున శాశ్వతముగ నిలిపిన విగ్రహమునకుగాని, కట్టడమునకుగాని ఛాయాచిత్రము తీసి ప్రకటించుట భారత శాసనమున అపరాధము కాదు. గోడపై జీవించియున్న చిత్రకారుడు వ్రాసిన బొమ్మకు ఆ వెసులుబాటు లేదు. దానిని యథాతథముగ తీసి అమ్ముట ప్రతిని చేయుటయే. పటమును కొన్నవాడు కాగితమును, రంగును కొన్నవాడే. చిత్రకారుడు వ్రాతమూలముగ సంతకము చేసి ఇచ్చిననే తప్ప హక్కు చేతులు మారదు. చెంబు, చాప, నాగలి వంటి నిత్యోపయోగ వస్తువులకు సామాన్యముగ ఈ చిక్కు లేదు. నేడొక కళాకారుడు ప్రత్యేకముగ కల్పించిన బొమ్మకు ఉన్నది.

చిత్రమున మన కన్ను ఉన్నది. చిత్రితమైన వస్తువున మరియొకని చేయి ఉన్నది. తన పలకపై తన పేరు వ్రాసికొన్న దీనదయాళ్‌ను మెచ్చుకొనువాడు, ఎదుటివాని పేరును కూడ అంతే శ్రద్ధతో వెదకవలెను.