నూట ఇరవై తెగల పంతులుగారు

హాస్టల్లో చేరిన మొదటి రాత్రి, మెస్సులో నా పక్కన కూర్చున్నతను ఊరి పేరు అడిగి, ఆ వెంటనే మీరేమిట్లు అన్నాడు. జవాబు చెప్పేదాకా నాకు ముద్ద గొంతు దిగలేదు. చిత్రమేమిటంటే, మరుసటి ఏడు కొత్తగా వచ్చిన ఓ కుర్రాణ్ణి నేనూ అదే మాట అడిగాను. వాడు కంచం తీసుకుని ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ సిగ్గు నన్ను వదలని రోజుల్లోనే లైబ్రరీలో జూలియస్ నైరేరే జీవితం చదివాను. బి.యస్సీ. చదివే రైతుబిడ్డకి ఆఫ్రికా సంగతులెందుకని నవ్వకండి. చివరిదాకా చదవండి.

నైరేరే 1922లో విక్టోరియా సరస్సు ప్రాంతంలోని బుటియామా అనే పల్లెలో పుట్టారు. తండ్రి జనాకీ అనే చిన్న తెగకు నాయకుడు. పశువులు కాచిన ఆ పిల్లవాడు పన్నెండేళ్ళకు గాని బడి ముఖం చూడలేదు. ఆపైన చదువు చకచకా సాగింది. ఉగాండాలోని మకెరెరేలోనూ, ఎడిన్‌బరోలోనూ చదివి, 1952లో యం.ఏ. పట్టా పుచ్చుకుని తిరిగివచ్చి, దార్-ఎస్-సలామ్ దగ్గర పుగులో పంతులయ్యారు. 1954లో టాను పార్టీ నాయకుడై, మరుసటి ఏడు ఉద్యోగం వదిలేశారు. తర్వాత దేశాధ్యక్షుడైనా జనం ఆయన్ని కడదాకా మ్వాలిము అనే పిలిచారు. స్వాహిలీలో ఆ మాటకి ఉపాధ్యాయుడని అర్థం.

అప్పటి టాంగన్యికాలో నూట ఇరవైకి పైగా తెగలు. వారితోబాటు వ్యాపారాలు చేసుకునే భారతీయులు, అరబ్బులు, కొద్దిమంది తెల్లవారు. 1961 డిసెంబరు 9న స్వాతంత్ర్యం రావడానికి రెండు నెలల ముందే అసలు పరీక్ష ఎదురైంది. పౌరసత్వం నల్లవారికే ఇవ్వాలని శాసనసభలో సొంతవాళ్ళే కొందరు పట్టుబట్టారు. ప్రధానిగా ఉన్న నైరేరే ససేమిరా అన్నారు. ఒంటి రంగుని బట్టి పౌరుణ్ణి నిర్ణయించేటట్లయితే గద్దె దిగిపోతానని తేల్చేశారు. నెగ్గారు. నాయకుడు తనవాళ్ళకే ఎదురు నిలవడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

ఐకమత్యం మీద ఉపన్యాసాలిచ్చి ఊరుకోలేదాయన. 1963లో తెగ నాయకుల అధికారాలు రద్దయ్యాయి. ఆ పని చేసింది ఒక తెగ నాయకుడి కొడుకే. 1964లో జాంజిబార్ కూడా కలిసి దేశం టాంజానియా అయింది. ఏ పెద్ద తెగ సొత్తూ కాని స్వాహిలీని జాతీయభాషగా, ప్రాథమిక పాఠశాలల భాషగా నిలబెట్టారు. షేక్స్‌పియర్ జూలియస్ సీజర్‌ని తానే ఆ భాషలోకి అనువదించారు. హైస్కూలు పిల్లల్ని సొంత ప్రాంతానికి దూరంగా ఉన్న హాస్టలు బళ్ళకు పంపేవారు. పరాయి తెగవాడి పక్కన కూర్చుని మొక్కజొన్న సంకటి తిని పెరిగినవాడు, రేపు అతని మీద కత్తి ఎత్తడానికి జంకుతాడు గదా!

అలాగని ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. ఒకే పార్టీని ఉంచారు. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం తెచ్చారు. 1971లో అద్దె భవనాలు ప్రభుత్వపరమయ్యాక భారత సంతతివారు చాలామంది దేశం విడిచారు. అన్నిటికన్నా నన్ను బాధించింది 1973 తరువాతి సంగతి. చెదురుమదురుగా ఉన్న రైతుల్ని కొత్త గ్రామాల్లోకి బలవంతంగా తరలించారు. కొన్నిచోట్ల ఇళ్ళు కూడా తగలబెట్టారు. పంటలు దెబ్బతిన్నాయి. మా నాన్న ఏ చెక్కలో ఏం పండుతుందో మట్టి చేత్తో నలిపి చెబుతాడు. అటువంటివాణ్ణి అడక్కుండా అతని మేలు చెయ్యబోతే ఇంతే. అందర్నీ కలుపుకోవడమంటే అందరి మాటా వినడం కూడానని ఆ పంతులుగారే మరిచిపోయారు.

అయినా 1985లో తనంతట తానే పదవి దిగిపోయారు. పొరుగునున్న రువాండాలో 1994లో తెగల పేరిట లక్షలమందిని నరికి చంపారు. టాంజానియాలో అటువంటి తెగల మారణహోమం జరగలేదు. మన దేశం 1995లో మొట్టమొదటి గాంధీ శాంతి బహుమతిని ఆయనకే ఇచ్చింది. ముసలితనంలో బురుండీ వర్గాల మధ్య రాజీకోసం పాటుపడుతూ, 1999 అక్టోబరు 14న లండన్ ఆసుపత్రిలో కన్నుమూశారు. బుటియామాలోనే సమాధి చేశారు.

మిత్రులారా, మన మెస్సులోనూ చాలా తెగలున్నాయి. మొన్న నా కంచం తీసుకుని ఆ కుర్రాడి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆనాడు అలా అడగడం తప్పేనని చెప్పాను. వాడేమీ అనలేదు. కాసేపాగి పప్పు గిన్నె నావైపు జరిపాడు.